వంతెన రాగానే ఫోన్ కట్ చేసే ఊళ్లో

నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పోయిన నెల రిటైరయ్యాను.

ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నవ్వాగడం లేదు. పింఛను లేదు, శాలువా లేదు, ఆఖరి రోజు ఆఫీసులో లడ్డూలు లేవు. అసలు ఆఫీసే లేదు. ఆరేళ్లపాటు ఒక పాత మోడల్ ఫోనుకి నేను సంరక్షకురాలిని. మా వాడుకలో మెయింటెయినర్ అంటారు. కంపెనీ ఆ ఫోన్‌ని అమ్మి, రెండేళ్లు చూసి, వదిలేసింది. కొత్త అప్‌డేట్లు ఇక రావంది. అలాంటి అనాథ ఫోన్ల కోసం ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తారు. అది ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చవచ్చు, తప్పులు చూపించవచ్చు. అందులో ఒక్కో మోడల్ బాధ్యత ఒక్కొక్కరిది. ఈ మోడల్ నాది.

ఇప్పుడు జగదల్‌పూర్‌లో ఒక లైబ్రరీలో పనికి కుదిరాను. రోజంతా పుస్తకాల మధ్యే. ఫోన్ బాధ్యత కొత్తవాళ్లకు అప్పగించాను. వాళ్ల కోసం, వాళ్ల తర్వాత వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కోడ్ ఎలా ఎక్కించాలో చెప్పే పేజీలు ఇప్పటికే చాలా ఉన్నాయి, అవి చదువుకోండి. ఆ పేజీల్లో లేనివే ఇక్కడ చెప్తాను.

బియ్యం బస్తాలో ఇటుక

మాది కోంటా, ఆంధ్ర సరిహద్దుకు ఇవతలి ఊరు. నాన్నకు బట్టల కొట్టు. పక్క గదిలో బాబాయి మొబైల్ రిపేరు దుకాణం. డిగ్రీ అయ్యాక నేను బాబాయి కౌంటర్ వెనక కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లతో మాట్లాడాలంటే నాకు చెమటలు. అందుకని లోపలి స్టూలు మీద, తెర చాటున నా చోటు. ఒక చేతిలో స్క్రూడ్రైవర్, ఒళ్లో నవల, నవల కింద డైరీ.

ఈ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే, అడగకుండా, బాబాయి సొంత ఫోన్ మీద ప్రయోగం చేశాను. పాతది చెరిపేసి కొత్తది ఎక్కించాలి. చెరపడం చక్కగా వచ్చింది. ఎక్కించడమే రాలేదు. ఫోన్ నల్లగా, చల్లగా, చలనం లేకుండా అయిపోయింది. మా వృత్తిలో దీన్ని ఇటుక అంటారు.

నేనేం చేశానో ఒప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే. నీళ్లలో పడ్డ ఫోన్‌ని బియ్యంలో పెడతారు కదా, అలా వంటింటి బియ్యం బస్తాలో దాచి, "బాబాయ్, ఫోన్ తడిసింది" అన్నాను.

బాబాయి దాన్ని తీసి, తిప్పి చూసి, మూత విప్పాడు.

"రమ్యా, నీళ్లెక్కడియే దీంట్ల? లోపలంతా దుమ్మే ఉంది."

నేను బస్తా మూతి కట్టే పనిలో పడ్డాను.

"ఫోన్‌కేమైందని నేనడగట్లే. నువ్వేం సేత్తన్నవ్ అప్పుడు? అది చెప్పు."

చెప్పేశాను. ఆయన తిట్టలేదు. స్టూలు దగ్గరకు లాక్కుని, "మళ్లొకసారి సెయ్, ఈసారి నేను సూత్తా" అన్నాడు. సాయంత్రానికి ఇటుక లేచి కూర్చుంది. వెలుగుతున్న తెర చూసి ఇద్దరం గావుకేక పెడితే నాన్న మీటరు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

నా మొదటి బాస్ బాబాయే. ఆయన అడిగిన ఆ ప్రశ్నే నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య. జనం ఫోన్‌కి ఏమైందో సరిగ్గా చెప్పలేరు. తాము ఏం చేస్తున్నారో మాత్రం బ్రహ్మాండంగా చెప్తారు. అది అడగండి.

గుడ్లగూబ

రెండో బాస్‌ని నేను ఎప్పుడూ చూడలేదు. మా సమూహంలో అసలు పేర్లు వాడేవాళ్లు తక్కువ. మా సిస్టమ్ కొత్త విడుదలల్లో ఏ ఫోన్ ఉండాలో ఏది పోవాలో తేల్చే మనిషి పేరు గుడ్లగూబ. మంచు దేశంలో ఉండి కోడ్ బాగు చేసే ఒకావిడ పేరు ఉల్లిపాయ. నా పేరు డైరీ. గుడ్లగూబ మగో ఆడో, ఎవరికి ఎన్నేళ్లో ఎవరూ అడగరు. నేను ఆయన అని రాస్తున్నాను, అది నా ఊహే.

సిగ్గరులకు అది స్వర్గం. అక్కడ ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. మొదటి ఏడాది మెనూలకు తెలుగు రాశాను. చాలావాటికి అప్పటికే తెలుగు ఉంది గానీ, అది నలుగురు పండితులు తలుపులేసుకుని తయారుచేసినట్టుండేది. దాన్ని దుకాణానికి వచ్చేవాళ్లకు చూపించి, ఎవరి నొసలు ముడిపడితే ఆ మాట తీసేసేదాన్ని. తర్వాత పరీక్షలు చేశాను. తర్వాత ఏకంగా ఫోనే నా నెత్తిన పెట్టారు.

గుడ్లగూబ మాటలు పొదుపుగా వాడతాడు. నేను ఎంత వివరంగా సమస్య రాసినా జవాబు ఒక్కటే: "లాగ్?"

ఆన్ చేసి పెడితే ఫోన్ తన లోపల జరిగిన ప్రతిదీ క్షణాలతో సహా తనంతట తాను రాసుకుంటూ పోతుంది. అదే లాగ్. ఫోన్ డైరీ అనుకోండి. లాగ్ లేనిదే ఆయన దృష్టిలో జబ్బే లేదు. మొదట్లో ఎంత మొరటు మనిషి అనుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను, ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆయన మర్యాద మాత్రం ఇంకాస్త మెరుగ్గా ఉండవచ్చు. ఒక నమస్కారానికి ఎంత కోడ్ ఖర్చవుతుంది?

భీమే అక్క ఫోన్

భేజ్జి వైపు పల్లెలో భీమే అక్క మితానిన్. అంటే ఊళ్లో గర్భిణులనూ పసిపిల్లలనూ చూసుకునే ఆరోగ్య కార్యకర్త. ఇంట్లో దోర్లీ, మాతో తెలుగు, శిక్షణలో హిందీ మాట్లాడుతుంది. వాళ్ల ఊళ్లో టవర్ లేదు. సంతకి వచ్చినప్పుడే ఫోన్‌కి ప్రాణం. ఆమె పాత ఫోన్ మీద నేనే కొత్త వ్యవస్థ ఎక్కించి ఇచ్చాను. ఇచ్చిన రోజు మురిసిపోయాను.

కాన్పు కష్టమైతే ఆమె ఆ గర్భిణిని జీపులో వేసుకుని భద్రాచలం తీసుకెళ్తుంది. దారి పొడుగునా అక్కడి నర్సుతో ఫోన్‌లో మాట్లాడుతూ పోవాలి. ఒక సంత రోజు వచ్చి ఫోన్‌ని కౌంటర్ మీద చప్పుడయ్యేలా పెట్టింది.

"ఇగో పిల్లా, నీ ఫోన్ నువ్వే ఉంచుకో."

నేను తెర చాటు నుంచి బయటికి రాక తప్పలేదు. "ఏమైందక్కా?" అనబోయి, బాబాయి ప్రశ్న గుర్తొచ్చి, "నువ్వేం చేస్తున్నావక్కా అప్పుడు?" అన్నాను.

"ఏం సేత్త? జీపుల ఉన్న. ఒళ్లె పిల్ల నొప్పులతోటి ఏడ్తంది. నర్సమ్మ ఏందో అడుగుతంది, నేను అరుత్తన్న. బ్రిడ్జి మీదికి రాంగనె సచ్చింది నీ ఫోన్. చింతూరు దాక లేవలె. ఆ పిల్లకు ఏమన్న అయితే ఎవలకు చెప్పాల్నే?"

పిల్లకూ బిడ్డకూ ఏమీ కాలేదు. బతిమాలి ఫోన్ మళ్లీ ఆమె చేతికే ఇచ్చి పంపాను. కానీ ఆ రాత్రి డైరీలో ఒక్క వాక్యం కూడా రాయలేకపోయాను.

కోంటా నుంచి చింతూరు వెళ్లే దారిలో రాష్ట్రం మారే చోట ఒక వంతెన ఉంది. ఇవతల మన టవర్, అవతల ఆంధ్ర టవర్. మాట్లాడుతూ దాటితే కాల్ ఒక టవర్ చేతిలోంచి ఇంకో టవర్ చేతిలోకి వెళ్లాలి. వేరే ఫోన్ల మీద ఇలాంటి ఫిర్యాదు లేదు. నా ఫోన్ దాటడం లేదన్నమాట.

మర్నాడే వంతెన మీద మూడుసార్లు అటూ ఇటూ నడిచాను, అదే మోడల్‌ది నా సొంత ఫోన్‌తో బాబాయికి కాల్ చేస్తూ. ఒక్కసారీ చావలేదు. "నా దగ్గర పనిచేస్తోంది" అని సమూహం పేజీలో రాసి ఫిర్యాదు మూసేశాను.

ఈ వృత్తిలో ఇంతకంటే పనికిమాలిన వాక్యం లేదు. నా చేత్తో నేనే రాశాను కాబట్టి చెప్తున్నాను.

నా బొటనవేలు

రెండు వారాలకు గుడ్లగూబ తీసేయాల్సిన ఫోన్ల జాబితా పెట్టాడు, అందులో నాదీ ఉంది. అలాంటి ఫిర్యాదే మరో సరిహద్దు ఊరి నుంచీ వచ్చిందట. వచ్చే ఆదివారంలోగా లాగ్ దొరక్కపోతే కొత్త విడుదల నుంచి నా ఫోన్ తీసేస్తారు. కాల్ నిలవని ఫోన్‌ని జనం చేతిలో పెట్టకూడదన్నది ఆయన వాదన. అందులో తప్పేం లేదు. కానీ తీసేస్తే భీమే అక్కలాంటి వాళ్ల ఫోన్లు మళ్లీ అనాథలు. కొత్తది కొనే దారి వాళ్లకు లేదు. భీమే అక్కనే పిలిచి పరీక్షిద్దామంటే ఫోన్‌తో సహా శిక్షణకని సుక్మా వెళ్లింది. ఆదివారం దాటితే గానీ రాదు.

చేసేదేం లేక ఆ మూడు కాల్స్ లాగ్ తెరిచి, నవల చదివినట్టు మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టాను. మూడు చోట్లా ఒకే మాట కనిపించింది: కాల్ ముగిసింది, కారణం, వాడుతున్న మనిషి ముగించారు.

నేనా? నేను ముగించలేదే!

సైకిలెక్కి మళ్లీ వంతెన దగ్గరికి వెళ్లాను. బాబాయికి కాల్ చేసి, నడుస్తూ, నా చేతిని పరాయి మనిషి చేతిని చూసినట్టు చూశాను. మధ్యలో రెయిలింగ్ వంగిన చోటు రాగానే నా బొటనవేలు, నన్నొక్క మాటైనా అడక్కుండా, వెళ్లి ఎర్ర బొత్తాం నొక్కేసింది.

వంతెన మీద నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. ఒకప్పుడు రాష్ట్రం దాటితే రోమింగ్ చార్జీ పడేది. కాబట్టి మా ఊళ్లో ప్రతివాళ్లూ వంతెన సగానికి రాగానే "బ్రిడ్జొచ్చింది, పెట్టేత్తన్నా" అని కట్ చేసి, అవతల దిగాక వేరే సిమ్‌తో మళ్లీ కలుపుకునేవాళ్లు. ఆ చార్జీలు పోయి ఏళ్లయింది. వేళ్లకు ఆ కబురు అందలేదు. భీమే అక్క ఊళ్లో అసలు టవరే లేదు కాబట్టి ఆమెకు ఆ అలవాటూ లేదు. అందుకే జబ్బు ఆమెకొక్కదానికే దొరికింది.

సరే, ఈసారి బొటనవేలిని గుప్పిట్లో బిగించి దాటాను. కాల్ నిక్షేపంగా దాటింది! ఇంతకంటే అన్యాయం ఉంటుందా? మళ్లీ లాగ్ చదివాను. ఈసారి నా లోపం ఇంకోటి బయటపడింది. ఆ నాలుగు నిమిషాల్లో నేను అన్నది రెండే మాటలు. "బాబాయ్" అని మొదట, "ఊఁ" అని చివర. మధ్యలో ఏం మాట్లాడాలో తెలియక ఊరుకున్నాను. లాగ్ నిండా నిశ్శబ్దమే. భీమే అక్క ఏమంది? నర్సమ్మ అడుగుతంది, నేను అరుత్తన్న అంది. ఇద్దరూ ఒకేసారి గట్టిగా మాట్లాడుతుంటే మాత్రమే చస్తుందేమో!

కావలసింది పరికరం కాదు. నోరున్న మనుషులు.

సంత రోజు

శనివారం సంత. నోరు తెరిచి అడిగే ధైర్యం లేక కాగితం మీద రాసి దుకాణం ముందు అంటించాను: "ఈ మోడల్ ఫోన్ ఉన్నవాళ్లు దయచేసి బ్రిడ్జి మీద మాట్లాడుతూ నడవండి. మధ్యలో కట్ చేయకండి. ఫోన్ బాగు చేయడానికి." ఎవరూ రారనుకున్నాను. ఎనిమిది మంది వచ్చారు. మిరపకాయలమ్మే ఆయన బుట్ట బాబాయికి అప్పజెప్పి మరీ వచ్చాడు.

ఎనిమిది ఫోన్లలో లాగ్ ఆన్ చేసి పంపాను. జంటలుగా, ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడుకుంటూ, పక్కపక్కనే నడిచారు.

"అలో, ఏందన్నా, మిరప ఎట్లుంది?"

"నీ పక్కనే ఉన్న గదా, ఫోన్ల ఎందుకడుగుతవ్?"

"రమ్య చెల్లె అడగమంది!"

చెక్‌పోస్టు దగ్గరి జవాను వచ్చాడు. "క్యా చల్ రహా హై యహాఁ?" అన్నాడు. ఏం జరుగుతోందిక్కడ అని. నేను బాబాయి వెనక్కి జరిగాను. బాబాయి హిందీలో అంతా వివరించాడు. జవాను గంభీరంగా విని, ఎనిమిది మంది వైపూ తిరిగి చెయ్యెత్తి అరిచాడు: "కాట్‌నా నహీఁ! కోయీ నహీఁ కాటేగా!"

ఎవరూ కట్ చేయొద్దని ప్రభుత్వమే ఆజ్ఞాపించినా, రెయిలింగ్ వంగిన చోటికి రాగానే ఎనిమిది మందీ కట్ చేశారు. నాలుగు సార్లు తిరిగారు. నాలుగు సార్లూ అంతే. మిరపకాయల ఆయన తన వేలిని తానే కొట్టుకున్నాడు.

సాయంత్రమైంది. నేను దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. అప్పుడొచ్చింది మా సరోజ పెద్దమ్మ, గాజుల సంచీ ఊపుకుంటూ.

"ఏందే, ఊరు ఊరంతా బ్రిడ్జి మీద కవాతు చేత్తంది? నాకొక్కదానికి చెప్పలే?"

పెద్దమ్మకూ చింతూరులో ఉన్న ఆమె ఆడపడుచుకూ ఒక ఇత్తడి గంగాళం గురించి తగువు ఉంది. ఇంటి పంపకాల నాటిది. ఆ గంగాళం ఎవరికి రావాలన్నది వారానికోసారి ఫోన్‌లో తేల్చుకుంటారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. ముందు ఫోన్ పెట్టేసినవాళ్లు ఓడిపోయినట్టు లెక్క. ఇప్పటిదాకా ఎవరూ ఓడలేదు. ఒకరి బ్యాటరీ అయిపోతేనే కాల్ ఆగుతుంది.

నేను లేచి నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి నలుగురి మధ్య గొంతెత్తాను.

"పెద్దమ్మా, నా ఫోన్ తీస్కో. చింతూరు అత్తకు ఫోన్ చెయ్. గంగాళం నీదే అని చెప్పు."

"నాదే గదా మరి!"

"ఆ మాట చెప్పుకుంటూ నడు."

పెద్దమ్మ నడిచింది. వెనక నేను, నా వెనక బాబాయి, ఎనిమిది మంది, జవాను. వంతెన మొదలైంది. "మా అత్త చచ్చిపోయేటప్పుడు నా చేయి పట్టుకుని చెప్పింది" అంటోంది పెద్దమ్మ. ఫోన్‌లోంచి ఆడపడుచు అరుపు మా అందరికీ వినిపిస్తోంది. రెయిలింగ్ వంగిన చోటు వచ్చింది. పెద్దమ్మ బొటనవేలు లేచింది. అందరం ముందుకు వంగాం.

"ఏందీ? మీ అమ్మ నీకిచ్చిందా? నీకా?" అని పెద్దమ్మ గర్జించింది. వేలు గాల్లోనే ఆగిపోయి, చూపుడువేలికి తోడై, అవతలి మనిషిని బెదిరించడానికి ఊగడం మొదలుపెట్టింది.

నాలుగడుగులు. ఫోన్ చచ్చింది.

"అలో? అలో? పెట్టేసింది! సూసినారా, అదే ముందు పెట్టేసింది! గంగాళం నాదే!"

వంతెన మీద ఈలలు, చప్పట్లు. మిరపకాయల ఆయన జవానుని కావలించుకున్నాడు. నేను పెద్దమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని దుకాణానికి పరిగెత్తాను. చెప్పు తెగిపోతే ఒక్క చెప్పుతోనే.

ఎవరావిడ?

లాగ్ పంపాను. నేను రాసినదానికి గుడ్లగూబ నుంచి మొదటిసారి ఒకటి కంటే ఎక్కువ మాటలొచ్చాయి: "ఈ కాల్ తెగేదాకా ఇరువైపులా ఒక్క క్షణం కూడా నిశ్శబ్దం లేదు. ఇలాంటి పరీక్ష నేనెప్పుడూ చూడలేదు. ఎవరావిడ?"

"మా పెద్దమ్మ" అని రాశాను.

ఉల్లిపాయ ఆ లాగ్ పట్టుకుని కూర్చుంది. టవర్ మారే క్షణంలో రెండువైపుల నుంచీ గొంతు వస్తుంటే, ఫోన్‌లో సిగ్నల్ చూసుకునే భాగం కూలిపోయి తిరిగి లేవడం లేదట. ఆదివారం మధ్యాహ్నానికి మందు రాసి పంపింది. వెంటనే పరీక్షించాలి. పెద్దమ్మని మళ్లీ పిలిచాను. ఈసారి ఆడపడుచే ఫోన్ చేసి సిద్ధంగా ఉంది, నిన్న తాను పెట్టేయలేదని నిరూపించుకోవడానికి. వంతెన దాటారు, చెక్‌పోస్టు దాటారు, తిరిగొచ్చారు. కాల్ చావలేదు. తగువూ చావలేదు.

నా ఫోన్ విడుదలలో నిలిచింది. కృతజ్ఞతల జాబితాలో పెద్దమ్మ పేరు ఉంది. దాన్ని ముద్రించి ఫ్రేము కట్టించమంది. నవ్వులాటకు కాదు, కట్టించాను.

కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇంతే. కోడ్ తెలిసినవాళ్లు మీకు దొరుకుతారు. మీ ఊరి వేళ్లకు ఏ అలవాటుందో ఆ మంచు దేశపు ఉల్లిపాయకు ఎప్పటికీ తెలియదు. అది చెప్పగలిగేది మీరొక్కరే. సిగ్గుగా ఉంటే కాగితం మీద రాసి అంటించండి. నేను సిగ్గరినన్న సంగతి నా పరీక్షలోకి కూడా దూరి ఒక జబ్బుని దాచిపెట్టింది, గుర్తుంచుకోండి. మీలో ఏది అలా దాస్తోందో వెతుక్కోండి.

భీమే అక్క సుక్మా నుంచి వచ్చాక ఫోన్‌లో కొత్తది ఎక్కించి ఇచ్చాను. అనుమానంగానే తీసుకుంది. ఏమీ చెప్పలేదు. వారాలు గడిచాయి. వంతెన మీద ఏమవుతోందో అడగాలంటే భయం.

ఒక మధ్యాహ్నం నాకు ఆమె నుంచి కాల్ వచ్చింది. వెనక జీపు రొద, ఎవరో ఆడమనిషి మూలుగు.

"పిల్లా, ఈమె మొగడు సంతల ఉండు. ఆధార్ కార్డు మర్సిపోయిన్రు. ఎనక బస్సుకు తెమ్మని చెప్పు. ఎర్ర టవల్ కట్టుకుండు, ఇప్పపువ్వు అమ్మే కాడ."

"చెప్తానక్కా. ఆమెకెట్లుంది?"

"మంచిగనే ఉంది. నర్సమ్మ కూడ లైన్ల ఉండె ఇందాక. నువ్వు జెల్ది పో."

నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వీధిలోకి దిగాను. అటు జీపు రొద, ఇటు సంత రొద. ఆమె ఆ అమ్మాయితో దోర్లీలో ఏదో చెప్తూనే ఉంది, మధ్యలో నాతోనూ మాట్లాడుతోంది. ఎర్ర టవల్ మనిషిని పట్టుకుని కబురు చెప్పేశాను. ఆపుకోలేక అడిగేశాను.

"అక్కా, బ్రిడ్జి వచ్చిందా?"

"బ్రిడ్జా? నీతోటి మాట్లాడుకుంటనే ఎప్పుడో దాటినం గదా," అంది భీమే అక్క. "ఎందుకే?"